డబ్బా మీద ‘ప్రకృతి’ అని రాసినవాళ్లను రుజువు చూపించమనండి: ఒక ఫ్యాన్సీ షాపు నుంచి బహిరంగ లేఖ

వినియోగదారుల పరిరక్షణ చూసేవారికి, సౌందర్య సాధనాలకు లైసెన్సులిచ్చేవారికి, కాలుష్య నియంత్రణ మండళ్ల అధికారులకు,

నమస్కారం.

నేను తెనాలిలో పద్నాలుగేళ్లుగా ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలతో మొదలుపెట్టిన కొట్టు. ఇప్పుడు అరల్లో సగం సబ్బులు, క్రీములు, ఫేస్‌వాష్‌లే. వాటిలో కూడా ‘నేచురల్’, ‘హెర్బల్’, ‘ఎకో ఫ్రెండ్లీ’ అని రాసున్న సరుకు ఏటికేడాది పెరుగుతోంది. జనం అడుగుతున్నారు, నేను తెప్పిస్తున్నాను. ఎవరు ఏది ఎందుకు కొంటారో కౌంటర్ దగ్గర నిలబడితే తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. ఆ తెలిసింది మీ ముందు పెట్టి, కొన్ని పనులు చేయమని అడగడానికే ఈ ఉత్తరం. మామూలుగా ఇచ్చిన ఫిర్యాదుకు జవాబు రాలేదు. అందుకని అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

పోయిన వేసవిలో, పురిటికి పుట్టింటికి వచ్చిన ఒక అమ్మాయి షాపుకు వచ్చింది. బిడ్డకు అప్పటికి మూడు నెలలు నిండాయి. మొహానికి రాసుకునే క్రీమ్ కావాలంది. “పాప నా బుగ్గకు మొహం ఆనించి పడుకుంటుంది ఆంటీ, కెమికల్స్ లేనిది ఇవ్వండి” అంది. 120 రూపాయల మామూలు క్రీమ్ చూపించాను. దాన్ని పక్కన పెట్టి 349 రూపాయల ఆకుపచ్చ ట్యూబు తీసుకుంది. దాని మీద వేపాకుల బొమ్మ, ‘100 శాతం నేచురల్’, ‘కెమికల్ ఫ్రీ’, ‘భూమికి మేలు’ అనే మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. “మంచిదేనా ఆంటీ?” అని అడిగింది. “మంచిదే తీసుకోమ్మా” అన్నాను. కంపెనీ రాసిన మాటనే నేనూ చెప్పాను. అంతకుమించి నాకు తెలిసింది ఏమీ లేదు.

నాలుగో రోజున వాళ్లమ్మ వచ్చింది. కూతురి మొహం మీద, పసిదాని ఎడమ బుగ్గ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయట. చర్మం డాక్టరుకు చూపిస్తే, వాసన కోసం కలిపింది పడక వచ్చి ఉండొచ్చని చెప్పి, రాయడం ఆపమన్నారట. ఆవిడ నన్ను తిట్టలేదు. “ఏమ్మా, నువ్వే కదా మంచిదన్నావు” అని ట్యూబు కౌంటర్ మీద పెట్టింది. డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ రాత్రి షాపు మూశాక ట్యూబు వెనక ఏముందో మొదటిసారి పూర్తిగా చదివాను. అక్షరాలు కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాలో పెద్దవి చేసుకుని చదివాను. మొదట నీళ్లు. తర్వాత నూనెలు, మైనాలు, వాటిని నీళ్లలో కలిపి ఉంచే పదార్థాలు. ఆ తర్వాత పాడవకుండా ఉంచే ఫినాక్సీఇథనాల్, పర్ఫ్యూమ్. ఆ తర్వాత, చిట్టచివర, వేప, తులసి, కలబంద.

ఆ వరుసకు అర్థం ఉందని తర్వాత తెలుసుకున్నాను. కలిపిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం లోపు ఉన్నవి మాత్రం చివర్న ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్‌ను ఒక శాతానికి మించి కలపకూడదు. కాబట్టి దాని తర్వాత వేప పేరు వచ్చిందంటే ఆ ట్యూబులో వేప ఒక శాతానికి మించదు. ముందు వైపు మాత్రం అడుగు నుంచి మూత దాకా వేపాకులే. నేను పదో తరగతి వరకే చదివాను. నాకు అర్థమైన ఈ లెక్క లైసెన్సులు ఇచ్చేవాళ్లకు తెలియనిది కాదు.

పదార్థాల పేర్లు ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన అవి విషాలు కావు. ఆ మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. పాడవకుండా ఉంచేది కలపకపోతే నీళ్లున్న క్రీమ్‌లో కొద్ది రోజుల్లోనే బూజు పట్టొచ్చు. నీళ్లూ కెమికలే, పసుపులో రంగునిచ్చేదీ కెమికలే. చెట్టు నుంచి తీసిన సుగంధ తైలాలు పడనివాళ్లూ ఉంటారు. నా బాధల్లా ‘కెమికల్ ఫ్రీ’ అని రాసి అమ్మడం గురించే. ఆ మాటను నమ్మి పసిబిడ్డ తల్లి మూడింతల ధర పెట్టింది.

కంపెనీకి మెయిల్ రాయించాను. మా ఉత్పత్తి ప్రకృతి ప్రేరణతో తయారైంది, ఒక్కొక్కరి చర్మతత్వం ఒక్కోలా ఉంటుంది అని జవాబు వచ్చింది. సంబంధిత కార్యాలయానికి ఫొటోలతో, బిల్లుతో ఫిర్యాదు పెట్టాను. ఒక నంబరు ఇచ్చారు. ఐదు వారాలకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ట్యూబు అడగలేదు. ఏం పరిష్కరించారో ఈ రోజుకీ నాకు తెలియదు. రెండోసారి రిజిస్టర్ పోస్టులో రాశాను. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. జవాబు రాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. జనం ఈ ఆకుపచ్చ సరుకు ఎందుకు కొంటున్నారు? పర్యావరణం మీద చైతన్యం పెరిగింది అని పేపర్లలో రాస్తుంటారు. కొంత నిజమే. మా ఊరి మధ్యగా పోయే కాలువల్లో నీళ్లు కట్టేసినప్పుడు అడుగున బయటపడే షాంపూ ప్యాకెట్లు చూసి, ప్లాస్టిక్ తక్కువున్నది కావాలని అడిగే కాలేజీ పిల్లలు ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. కానీ నా కౌంటర్ దగ్గర ఎక్కువమందిని కదిలించేది భయం. ఇంట్లో చంటిపిల్ల ఉంటే, కోడలు నెలతప్పితే, తెల్లబడే క్రీమ్ రాసి మొహం మాడిన ఆడపిల్ల ఉంటే, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వస్తే, అప్పుడు ‘నేచురల్‌ది ఇవ్వమ్మా’ అంటారు. భూమికి మంచిదైతే ఒంటికీ మంచిదే అనుకుంటారు. ఆ రెండూ వేర్వేరు సంగతులని లేబుల్ చెప్పదు.

భయం తర్వాత జ్ఞాపకం. భోగినాడు నలుగు పెట్టి తలంటు పోసిన అమ్మమ్మ చేతులు గుర్తున్నవాళ్లు, సున్నిపిండి వాసన గుర్తున్నవాళ్లు, ఇప్పుడు పెసలు విసిరి, బావంచాలు, కచ్చూరాలు దంచుకునే తీరిక లేనివాళ్లు. డబ్బా మీద పసుపు కొమ్ము, రాగి చెంబు బొమ్మ కనిపిస్తే చేయి దానంతట అదే అటు పోతుంది. కుంకుడుకాయ బొమ్మ ఉన్న షాంపూ తీసుకెళ్లి, “కళ్లు మండటం లేదేంటమ్మా, ఇందులో కుంకుడుకాయ ఉందా అసలు?” అని అడిగిన పెద్దావిడ ఉన్నారు. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

మూడోది ఇంకొకరి మాట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు ఫోన్‌లో ఫొటో పంపుతుంది, తల్లి అది చూపించి అడుగుతుంది. రీల్స్ చూసి వచ్చేవాళ్ల సంఖ్య ఈ మూడు నాలుగేళ్లలో బాగా పెరిగింది. డబ్బు తీసుకుని చెప్పేవాళ్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చిందని చదివాను. నాకు చూపించే వీడియోల్లో, ముఖ్యంగా మన తెలుగు వీడియోల్లో, ఆ మాట ఎక్కడో మూల చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆఖరికి నా మాట కూడా ఈ లెక్కలోదే. షాపామె చెప్పింది కదా అని కొంటారు.

నాలుగోది రంగు, అట్టపెట్టె. గోధుమరంగు అట్ట, జనపనార తాడు, ఆకు బొమ్మ. లోపల అదే ప్లాస్టిక్ ట్యూబు ఉంటుంది. మా వీధిలోకి వచ్చే పాత సామాన్ల అతను నీళ్ల సీసాలు తీసుకుంటాడు, అట్టలు తీసుకుంటాడు. పొరలు పొరలుగా ఉండే ఈ ట్యూబులు, లోపల స్ప్రింగు ఉండే పంపు మూతలు మాత్రం “ఇవి చెల్లవమ్మా” అని పక్కన పడేస్తాడు. పర్యావరణ హితం అని రాసున్న డబ్బాను కూడా అలాగే పడేస్తాడు. ఒక్కోసారి మామూలు కాగితం చుట్టిన సబ్బుబిళ్ల ఆకుపచ్చ పంపు సీసా కంటే చెత్త తక్కువ చేస్తుంది. సబ్బుబిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ పని మంచిదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ బిళ్ల మీద ‘ఎకో’ అని రాసి ఉండదు, సీసా మీద ఉంటుంది. జనం సీసా కొంటారు.

ధర ఆఖర్న వస్తుంది. కొనాలని ఉండి, చేతిలో పట్టుకుని, వెనక్కి తిప్పి ధర చూసి మళ్లీ అరలో పెట్టేసేవాళ్లను రోజూ చూస్తాను. వాళ్లకు పర్యావరణం పట్టదని అనుకోవడం తప్పు. నెలకు సబ్బులకూ షాంపూలకూ 200 రూపాయలు తీసిపెట్టుకున్న ఇల్లాలు 349 రూపాయల ట్యూబు ఎలా కొంటుంది? కాబట్టి మళ్లీ రూపాయి ప్యాకెట్లు కొంటుంది. ఆ ప్యాకెట్లు కాలువలో తేలతాయి.

చట్టం లేదని నేను అనడం లేదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 అక్టోబర్ 15న పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారం మీద మార్గదర్శకాలు తెచ్చింది. ‘నేచురల్’, ‘ఆర్గానిక్’, ‘ప్యూర్’, ‘ఎకో ఫ్రెండ్లీ’ లాంటి మాటలు సరైన వివరణ, ఆధారం లేకుండా వాడకూడదని అందులో ఉంది. ఆ మాట సరుకు మొత్తానికి వర్తిస్తుందా, డబ్బాకు మాత్రమేనా అన్నది చెప్పాలని ఉంది. ఆధారాన్ని క్యూఆర్ కోడ్ ద్వారానో, లింకు ద్వారానో జనానికి అందేలా పెట్టాలని ఉంది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఇవన్నీ చదివి చాలా ధైర్యం వచ్చింది. మర్నాడు నా అరల్లో ఉన్న సరుకులో క్యూఆర్ కోడ్ కనిపించిన ప్రతి డబ్బానూ మా అబ్బాయి ఫోన్‌తో స్కాన్ చేయించాను. ఒకటి కంపెనీ మొదటి పేజీకి పోయింది. ఇంకొకటి డిస్కౌంట్ ఆఫర్‌కు. ఇంకొకటి తెరుచుకోనే లేదు. ‘ఇదిగో మా మాటకు ఆధారం’ అని చూపించింది నాకు ఒక్కటీ దొరకలేదు.

ఆ మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది. మామూలు రంగులు, బొమ్మలు మోసం కిందకు రానంతవరకు తప్పుడు ప్రచారం లెక్కలోకి రావట. అక్కడే నాకు అభ్యంతరం. మా ఊళ్లో చాలామంది ఆడవాళ్లు ఇంగ్లీషు మాట చదివి కొనరు, ఆకు చూసి కొంటారు. ఒక శాతానికి మించని వేపకు డబ్బా నిండా వేపాకులు వేస్తే, చదువురాని మనిషికి ఆ బొమ్మే వాగ్దానం.

వాగ్దానాల మాట వచ్చింది కాబట్టి ఇంకొన్ని. ‘జంతువుల మీద పరీక్షించలేదు’ అని కుందేలు బొమ్మ వేసి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014 నుంచే నిషేధం. చట్టం ప్రకారం ఎలాగూ చేయకూడని పనిని చేయలేదని చెప్పి ధర పెంచడం ఏం న్యాయం? కొన్ని డబ్బాల మీద ఉండే ఆకుపచ్చ చుక్క చూసి పర్యావరణానికి మంచిదనుకుంటున్నారు. అది శాకాహారం, మాంసాహారం తేడా చెప్పే చుక్క. ‘కంపోస్ట్ అవుతుంది’ అని రాసిన కవరు పెరట్లో పాతిపెట్టి ఆరునెలల తర్వాత తవ్వి చూసిన మాస్టారు ఒకరు, అలాగే ఉందని తెచ్చి చూపించారు. అలాంటి ప్లాస్టిక్ కరగాలంటే పెద్ద కంపోస్ట్ ప్లాంట్లో యాభై డిగ్రీలు దాటిన వేడి వారాల తరబడి ఉండాలి. ఆ ముక్క కవరు మీద లేదు.

ఇక పర్యావరణానికి హాని తక్కువ చేసే సరుకును గుర్తుపట్టడానికి 1991లోనే మన ప్రభుత్వం మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ అని ఒక పథకం పెట్టింది. సబ్బులు, సౌందర్య సాధనాలు కూడా అందులో ఉన్నాయి. 2024లో కొత్త నియమాలు కూడా వచ్చాయి. ఎంత చక్కని గుర్తు అది! ఏ భాషా రానివాళ్లకైనా అర్థమవుతుంది. ఈ పద్నాలుగేళ్లలో ఆ గుర్తున్న క్రీమ్ గానీ సబ్బు గానీ నా చేతుల మీదుగా ఒక్కటీ అమ్ముడుపోలేదు. ప్రభుత్వ గుర్తు కనిపించని చోట కంపెనీలు సొంతంగా గీసుకున్న ఆకులు, గుండ్రటి ముద్రలు నిండిపోయాయి. ముద్ర ఎవరు వేశారో చూసి కొనేంత తీరిక కౌంటర్ దగ్గర ఎవరికుంటుంది?

ఇందువల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం ఇది:

1. డబ్బు. మామూలు క్రీమ్‌కూ ఆకుపచ్చ క్రీమ్‌కూ మధ్య నా షాపులో 100 నుంచి 250 రూపాయల తేడా ఉంది. అంగన్‌వాడీ ఆయా, బట్టల షాపులో నిలబడే అమ్మాయి, మిర్చియార్డు కూలీ భార్య, వీళ్లు ఆ తేడా ఇచ్చేది ఒక్క మాట కోసం. ఆ మాట నిజం కాకపోతే అది వాళ్ల ఒక రోజు కూలిలో పెద్ద భాగం పోయినట్టే.

2. ఒళ్లు. నేచురల్ కదా అని చేతి మీద కొంచెం రాసి చూడకుండానే పసిపిల్లలకు కూడా రాసేస్తున్నారు. దద్దుర్లు వచ్చినా ‘లోపలి వేడి బయటకు పోతోంది’ అనుకుని రాస్తూనే ఉంటున్నారు. డాక్టరు ఏం పడలేదని అడిగితే చెప్పడానికి ట్యూబు మీద ‘పర్ఫ్యూమ్’ అని ఒక్క మాటే ఉంటుంది. యూరప్‌లో ఎలర్జీ తెప్పించే 26 సువాసన పదార్థాలను పేరు పేరునా రాయాలనే నియమం ఎప్పటి నుంచో ఉంది, 2023లో ఆ జాబితాను 80 దాటించారు. తెనాలి పసిపిల్ల చర్మం అక్కడి పసిపిల్ల చర్మం కంటే గట్టిదేం కాదు.

3. చెత్త. పంచాయతీ వాళ్లు, మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికులు చేతులతో ఏరేది ఈ ట్యూబులనే. వాటిని ఎవరూ కొనరు, తగలబెడితే పొగ. వాటి మీద రాసిన ‘భూమికి మేలు’ అనే మాట ఏరే మనిషికి ఏమీ మేలు చేయలేదు.

4. నిజంగా చేసేవాళ్లు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా పక్క ఊరి నుంచి ఒక డ్వాక్రా సంఘం ఆడవాళ్లు సున్నిపిండి, కుంకుడు పొడి కాగితం పొట్లాల్లో తెచ్చేవాళ్లు. కుంకుడుకాయలు గిరిజన సహకార సంస్థ అమ్మే సరుకు. పాడేరు వైపు కొండల్లో గిరిజనులు ఏరి ఎండబెట్టినవి. పొట్లం 60 రూపాయలు. పొడి తీసి వాసన చూస్తే తుమ్ము వచ్చేది, అంత తాజాగా ఉండేది. దాంట్లో నీళ్లు లేవు కాబట్టి పాడవకుండా ఏమీ కలపక్కర్లేదు. ప్లాస్టిక్ లేదు. కానీ ఆకు బొమ్మ లేదు, రీల్ లేదు, క్యూఆర్ కోడ్ లేదు. మెరిసే డబ్బాల పక్కన పెడితే ఎవరూ చూడలేదు. సౌందర్య సాధనంగా అమ్మాలంటే లైసెన్సు కావాలని ఎవరో చెబితే, ఆ కాగితాలు, చూపించాల్సిన గది, చదువుకున్న మనిషి, ఇవన్నీ తమవల్ల కాదని ఆగిపోయారు. నియమాలు ఉండాలి, కాదనను. ఒంటికి రాసే వస్తువును ఎవరు పడితే వాళ్లు చేయకూడదు. కానీ లైసెన్సున్నవాడు పేరుకు మాత్రం వేప కలిపి వేప అని అమ్ముకుంటుంటే, కుంకుడుకాయ దంచి కుంకుడుకాయ అమ్మినవాళ్లు మానుకోవాల్సి వచ్చింది. కొండ మీద కాయ ఏరే మనిషి దాకా ఈ దెబ్బ పోతుంది.

5. నమ్మకం. ఆ పసిదాని అమ్మమ్మ ఇప్పటికీ మా షాపుకు వస్తుంది. మొన్న ఒక చిన్న కంపెనీ వాళ్ల సబ్బు, అట్టపెట్టెలో, పదార్థాలన్నీ తెలుగులో రాసి ఉన్నది చూపించబోయాను. “అన్నీ ఒకటేనమ్మా, చౌకది ఇవ్వు” అంది. నాకు గుండె కలుక్కుమంది. అమ్మకం పోయిందని కాదు. ఈ పద్నాలుగేళ్లలో నేను చూసింది ఇదే: మనిషి పర్యావరణం కోసం నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టేది నమ్మకం ఉన్నంతకాలమే. ఒకసారి మోసపోతే అబద్ధం చెప్పిన కంపెనీని ఒక్కదాన్నే వదిలేయరు, నిజం చెప్పేవాళ్లను కూడా కలిపి వదిలేస్తారు.

ఇది మన ఒక్కరి సమస్య కాదని కూడా తెలుసు. యూరప్ దేశాల కూటమిని నడిపే యూరోపియన్ కమిషన్ 2020లో చేయించిన పరిశీలనలో పర్యావరణం పేరుతో చేసిన ప్రచారాల్లో సగానికి పైగా, 53 శాతం, అస్పష్టంగానో తప్పుదారి పట్టించేలాగో ఆధారం లేకుండానో ఉన్నాయని తేలింది. వాళ్లు ఆ లెక్క బయటపెట్టి, రుజువు లేని ‘ఎకో ఫ్రెండ్లీ’ మాటలను నిషేధిస్తూ 2024లో చట్టం చేశారు. 2026 సెప్టెంబర్ 27 నుంచి అమలు అని తేదీ కూడా పెట్టారు. మన దగ్గర మార్గదర్శకాలు ఉన్నాయి. అరల్లో ఉన్న సరుకును ఎవరైనా తీసి చూశారా అన్నదే నా ప్రశ్న.

కాబట్టి మిమ్మల్ని అడిగేవి ఇవి:

1. జిల్లాకు కొన్ని షాపుల చొప్పున, మా షాపుతోనే మొదలుపెట్టినా సరే, ‘నేచురల్’, ‘ఎకో’ అని రాసున్న చర్మ సంరక్షణ సరుకును తీసుకెళ్లి పరీక్షించండి. చెప్పింది ఉందో లేదో, ఎంత ఉందో, ఫలితాలు పేర్లతో సహా తెలుగులో ప్రకటించండి. షాపులవాళ్ల మీద కేసులు పెట్టి చేతులు దులుపుకోకండి. మేం డబ్బా విప్పి చూడలేం.

2. ముందు వైపు ఏ ఆకు బొమ్మ వేస్తే, ఏ కాయ పేరు రాస్తే, అది ఎంత శాతం ఉందో దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో రాయించండి. వేప 1 శాతం అయితే 1 శాతం అని రాయమనండి. కొనేవాళ్లు కొంటారు, తెలిసి కొంటారు.

3. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా ఆధారమే తెరుచుకోవాలి. పరీక్ష ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, మాట సరుకుకా, డబ్బాకా అన్నది ఒక్క పేజీలో ఉండాలి. ప్రకటనలు అక్కడ ఉండకూడదు.

4. లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలనే నియమం మా ఊరి ఆడవాళ్లకు పనికిరావడం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమ్మే సరుకు మీద కనీసం జాగ్రత్తలు, పడనివాళ్లకు హెచ్చరిక, గడువు తేదీ తెలుగులో ఉండాలి. సినిమా నటులతో తెలుగులో ప్రకటన చేయించగల కంపెనీకి రెండు లైన్లు తెలుగులో అచ్చు వేయించడం భారం కాదు.

5. మట్టికుండ గుర్తును బతికించండి. చిన్న తయారీదారులకు, మహిళా సంఘాలకు ఆ గుర్తు తెచ్చుకునే ఖర్చు తగ్గించండి. సున్నిపిండి, కుంకుడు పొడి లాంటి పొడి సరుకుకు లైసెన్సు ఎలా తెచ్చుకోవాలో మండలానికి ఒకరు కూర్చుని చెప్పే ఏర్పాటు చేయండి. నాలుగైదు సంఘాలు కలిసి వాడుకునే గది, పరీక్ష సౌకర్యం ఉంటే ఆ ఆడవాళ్లు మళ్లీ మొదలుపెడతామంటున్నారు.

6. ఖాళీ ట్యూబులు, పంపు సీసాలు షాపుల ద్వారా వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీల మీద పెట్టండి. సరుకు తెచ్చే వ్యానే ఖాళీలు తీసుకుపోవచ్చు. నా షాపులో డ్రమ్ము పెట్టడానికి నేను సిద్ధం, అద్దె అడగను.

7. ఫిర్యాదు మూసేసే ముందు ఫిర్యాదు చేసిన మనిషికి ఒక్క ఫోన్ చేయండి. ఏం చేశారో, ఎందుకు మూస్తున్నారో చెప్పండి. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 నంబరు ఉందని, తెలుగులో మాట్లాడొచ్చని మా వీధిలో చాలామందికి తెలియదు. ఆ నంబరు ప్రతి షాపులో కనిపించేలా బోర్డు పెట్టమని ఆదేశం ఇవ్వండి. నేను ఇప్పటికే చేత్తో రాసి గోడకు అంటించాను.

తోటి షాపులవాళ్లకు కూడా ఒక మాట. నేను ఇప్పుడు ఎవరైనా “మంచిదేనా?” అని అడిగితే “నాకు తెలియదమ్మా, వెనక ఇది రాసుంది, మోచేతి లోపల కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడండి” అంటున్నాను. అమ్మకం కొంచెం తగ్గింది. మీరు కూడా అలా చెప్పండి, కంపెనీ ఏజెంట్లను ఆధారం అడగండి. నలుగురం అడిగితే వాళ్లు పైవాళ్లను అడుగుతారు.

ఆ పసిదాని బుగ్గ మానిపోయింది, ఇప్పుడు షాపుకొస్తే రిబ్బన్ల డబ్బా లాగుతోంది. ఆ 349 రూపాయల ట్యూబు, అట్టపెట్టె, బిల్లు, రిజిస్టర్ పోస్టు రసీదు నా కౌంటర్ కింద డ్రాయర్‌లో కవర్లో పెట్టి ఉంచాను. మూడు వంతులు క్రీమ్ ఇంకా అందులోనే ఉంది. పరీక్షకు ఎక్కడికి పంపమంటే అక్కడికి నా ఖర్చుతో పంపిస్తాను. చిరునామా చెప్పండి.

ఇట్లు,
ఒక ఫ్యాన్సీ షాపు యజమానురాలు,
తెనాలి.